మిగిలిపోయిన నూతి ఇటుకలు

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి ఇన్‌స్పెక్టరు రాజరత్నం నోటుబుక్కులో ఎనిమిది సంగతులు ఉన్నాయి. అందులో ఏడింటి పక్కన "సరిగ్గా ఉంది" అని తన చేత్తోనే రాశాడు. ఎనిమిదోది "గోడ పడింది". ఆ కాగితం చూస్తుంటే ఆయనకి తల తిరిగిపోతోంది. అన్నీ సరిగ్గా ఉంటే గోడ ఎందుకు పడ్డట్టు?

జరిగింది చెప్పాలంటే నాలుగు ముక్కలే. 1893 మార్చి నెలాఖరు. మొగలిలంక రేవులో, కాలవ గట్టున, ఒక షావుకారు కొత్తగా ధాన్యం గిడ్డంగి కట్టించాడు. మొన్న మంగళవారం సరిగ్గా పన్నెండింటికి, బస్తాలు పేరుస్తుండగా, దాని దక్షిణపు గోడ ఉన్నపాటున తొమ్మిది అంగుళాలు భూమిలోకి దిగిపోయి నిలువునా చీలింది. చీలిన ముక్క పోలయ్య అనే మూటల కూలీ మీద పడింది. పోలయ్య అక్కడికక్కడే పోయాడు. మూడింటికల్లా గోడ కట్టిన తాపీ మేస్త్రీ జీవరాజుని ఠాణా వాళ్లు పట్టుకుపోయారు. సున్నంలో బూడిద కలిపి మనిషి ప్రాణం తీశాడని ఫిర్యాదు. ఫిర్యాదు చేసిన మనిషి, షావుకారు తరఫున పని చూసే ఓవర్సీయరు అమ్మిరాజు.

ఇవాళ నాలుగు గంటల పడవలో జీవరాజుని రాజమండ్రి జైలుకి పంపాలి. పంపే కాగితం మీద రాజరత్నం సంతకం పెట్టాలి. రేపట్నుంచి కచేరీకి ఈస్టరు సెలవులు. ఒకసారి ఆ పడవెక్కాడంటే మళ్లీ జీవరాజు మాట వినే నాథుడెవడు?

"చిట్టియ్యా, ఇంకోసారి చదువుతాను, ఎక్కడైనా తేడా ఉంటే చెప్పు" అన్నాడు రాజరత్నం.

జవాను చిట్టియ్య పాగా సర్దుకుని, "పొద్దుట్నుంచి నాలుగుసార్లు విన్నానండి. నాకు గోడ పడనట్టే అనిపిస్తోందండి" అన్నాడు.

"నాకూ అంతేలే."

గిడ్డంగి పక్కన పనివాళ్ల పాక బయట, పడవెక్కించడానికి తెచ్చి బేడీలతో కూర్చోబెట్టిన జీవరాజుకి పెళ్లాం జ్ఞానమ్మ ముంతలో గంజి తెచ్చింది. మొగుడు తాగడం అయ్యేదాకా ఊరుకుని, తర్వాత ధైర్యం చేసి ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చింది.

"అయ్యగారూ, మా ఆయన సున్నంలో బూడిద కలిపే మనిషి కాదండి. మా పేటలో గుడి కట్టినప్పుడు చూడాల్సింది. రోజూ ఇక్కడ పని దిగి, అక్కడికొచ్చి చీకటి పడేదాకా కట్టేవాడండి. ఒక్క ఇటుక వంకరగా పడితే తీసి మళ్లీ పెట్టేవాడు."

"మీ గుడి ఎక్కడమ్మా?"

"కాలవకి అవతల, మైలున్నర ఉంటదండి. ఇవాళే గంట ఎక్కిస్తున్నారు. ఆదివారం ఈస్టరు కదండీ. మూడింటికి లాగడం మొదలెట్టి, నాలుగింటికి పాదిరిగారు మూడుసార్లు వాయిస్తారు. తండ్రి పేర ఒకటి, కుమారుని పేర ఒకటి, పరిశుద్ధాత్మ పేర ఒకటి. గోపురం కట్టిన మనిషే ఆ గంట వినకుండా పోతాడేమోనండి." కొంగుతో మొహం తుడుచుకుంది. "పోనీ, నేనైనా వెళ్లాలండి. తలుపు దగ్గర మనిషుండాలి. మొన్న ఆదివారం నుంచి పట్టేస్తోంది, నలుగురు తోస్తేగాని తెరుచుకోట్లేదు. వానకి చెక్క ఉబ్బిందంటున్నారు. ఈయనుంటే చిత్రిక పట్టించేవాడు."

రాజరత్నం ఆ మాటలు వింటూనే ఉన్నాడు గాని, మనసంతా ఆ ఏడు సంగతుల చుట్టూ తిరుగుతోంది. "వెళ్లమ్మా, వెళ్లు. చూద్దాం" అన్నాడు. ఏం చూస్తాడో ఆయనకే తెలీదు.

ఒంటిగంటన్నరకి అమ్మిరాజు వచ్చాడు. తెల్లటి కోటు, చేతిలో పొన్నుకర్ర, బుగ్గ మీసాలు. రెండేళ్లు మద్రాసులో చదివి వచ్చానని ప్రతి పది మాటలకి ఒకసారి గుర్తు చేసే మనిషి.

"ఇంకా పంపలేదా ముద్దాయిని? ఇన్‌స్పెక్టరు గారూ, దొంగల్ని పట్టడం మీ పని, ఒప్పుకుంటాను. పునాదుల సంగతి మీకెందుకండీ? పైగా మీరూ మీరూ ఒక మతంవాళ్లు. జనం నాలుగు రకాలుగా అనుకుంటారు."

చిట్టియ్యకి చెవులు ఎర్రబడ్డాయి. రాజరత్నం మాత్రం నవ్వాడు. "అనుకోనివ్వండి రాజుగారూ. మా నాన్న ముప్ఫయ్యేళ్లు ఆనకట్ట మీద రాళ్లు మోశాడు. రాళ్ల సంగతి కాస్త నాకూ తెలుసు. రండి, ఆ బూడిద చూపించండి."

గిడ్డంగి పక్కన ఆరుబయట సున్నం కుప్ప ఉంది. నడుమెత్తు. దాని నెత్తిన అరచేయి మందాన ఊక బూడిద. అమ్మిరాజు పొన్నుకర్రతో చూపించి, "ఇదిగో మీ మేస్త్రీ పనితనం. పుట్టికి సగం బూడిద" అన్నాడు.

రాజరత్నం వంగి వేళ్లతో బూడిద తీశాడు. పొడిగా, మెత్తగా ఉంది. ఊదితే ఎగిరిపోయింది.

"మంగళవారం వాన ఎన్నింటికి పడింది చిట్టియ్యా?"

"ఐదింటికండి. అరగంట కొట్టిందండి. నా పాగా ఇంకా ఆరలేదు."

"జీవరాజుని ఎన్నింటికి పట్టుకెళ్లారు?"

"మూడింటికండి."

"కర్రతో ఆ కుప్ప పొడు."

చిట్టియ్య పొడిచాడు. బూడిద కింద సున్నం వానకి తడిసి, ఎండకి ఆరి, అప్పచ్చిలా పెచ్చు కట్టి ఉంది. పెచ్చు విరిగింది. దాని కింద అంతా తెల్లటి సున్నమే, బూడిద రేణువు కూడా లేదు. వాన వెలిశాక, కుప్ప ఆరాక, ఎవరో తెచ్చి పైన పోసిన బూడిద అది. అప్పటికి జీవరాజు ఠాణాలో కాళ్లకి బొండకొయ్య బిగించుకుని ఉన్నాడు.

"ఇది ఎలా వచ్చింది రాజుగారూ?"

"నాకేం తెలుసు? ఊళ్లో ఎవరైనా పోసి ఉండొచ్చు" అన్నాడు అమ్మిరాజు. మాట తడబడలేదు గాని పొన్నుకర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. "కుప్ప సంగతి వదిలేయండి. గోడలో ఏం వాడాడో అది చూడండి."

"చూశాను. మీరూ చూద్దురుగాని రండి."

గోడ చీలిక దగ్గరికి తీసుకెళ్లాడు. పైన జానెడు వెడల్పు, కిందకి వచ్చేసరికి గోరు పట్టేంత. రాజరత్నం చీలిక అంచున వేలు పెట్టి కిందదాకా దింపాడు. "సున్నం నాసిరకమైతే ఇటుకకీ ఇటుకకీ మధ్య అతుకు ఊడుతుంది. ఇక్కడ ఇటుక నడుముకి విరిగింది గాని అతుకు ఊడలేదు. గానుగాడించిన సున్నం, సుర్ఖీ, అంటే ఇటుక పొడి, సరిగ్గా కలిపిన సున్నం ఇది. ఇటుక చస్తే చచ్చింది, సున్నం మాత్రం పట్టు వదల్లేదు."

దూరంగా కూర్చున్న జీవరాజు అప్పుడే మొదటిసారి తలెత్తాడు.

అమ్మిరాజు చప్పట్లు కొట్టాడు, రెండే రెండు. "బాగుందండీ! అయితే సున్నం మంచిది. మరి గోడెందుకు దిగింది? పోలయ్య ఊరికే పోలేదు కదా? మీ రిపోర్టులో ఏం రాస్తారు, గోడకి నిద్రొచ్చి కూర్చుందనా? కారణం చెప్పలేకపోతే నాలుగింటికి వాణ్ణి పడవెక్కించక తప్పదు."

ఆ మాట ములుకులా దిగింది. ఎందుకంటే నిజం. బూడిద ఎవరో పోశారు, అది తేలింది. కానీ గోడ ఎందుకు దిగిందో తేలకపోతే జీవరాజు మెడకి చుట్టుకున్నది ఊడదు.

ఈ డెల్టా నేల గురించి తెలియనివాళ్లు ఉంటారా? పైన రేగడి, దాని కింద అడుసు, పార వేస్తే పాయసం. గోడకి మామూలు పునాది తీస్తే ఏడాది తిరక్కుండా కూర్చుంటుంది. అందుకని నూతుల మీద కడతారు. నేల మీదే గుండ్రంగా నూతి వర కడుతూ, లోపలి మట్టి తోడేస్తూ పోతారు. తోడేకొద్దీ నుయ్యి తన బరువుకి తనే దిగుతుంది. నీళ్లొచ్చాక మనిషి మునిగి అడుగు తోడాలి. కింద గట్టి ఇసుక తగిలాక ఆపి, అడుగున కంకర, సున్నం కలిపిన కాంక్రీటు వేసి, పైదాకా ఇసుక నింపి, నూతి నుంచి నూతికి కమాను తిప్పి, ఆ కమాను మీద గోడ లేపుతారు. ఈ గిడ్డంగికి అలాంటి నూతులు ఆరు. ఉత్తరం గోడ కింద మూడు, దక్షిణం గోడ కింద మూడు.

రాజరత్నం ఏడు సంగతులూ వీటి గురించే. ఒకే సున్నం, ఒకే ఇటుక, ఒకే మేస్త్రీ. ఆరు నూతులూ ఐదేసి బారల లోతు, అంటే ముప్ఫయ్యేసి అడుగులని రిజిస్టరులో ఉంది. ఒక్కో నూతి మీద రెండేసి వందల తడి ఇసుక బస్తాలు పెట్టి రెండు రోజులు చూశారు, ఏదీ వెంట్రుకవాసి కూడా దిగలేదు. ధాన్యం బస్తాలు రెండు పక్కలా సమానంగానే పేర్చారని కూలీలందరూ ఒకే మాట చెప్పారు. ఏడోది, కాలవ గట్టు కోత పడలేదు.

మరి ఉత్తరం గోడ నిక్షేపంలా ఉంది. దక్షిణం గోడే దిగింది. సమానమైన బరువు, సమానమైన లోతు, సమానమైన నేల. ఒక పక్కే ఎందుకు దిగాలి? అబ్బబ్బ, రెండు పక్కలా దిగినా బాగుండేది, ఏదో ఒకటి అర్థమయ్యేది!

రెండుంబావుకి ఆయన ఉత్తరం గోడ నుంచి దక్షిణం గోడకి, దక్షిణం గోడ నుంచి ఉత్తరం గోడకి ఏడోసారి నడిచాడు. ఓసారి పరీక్ష బస్తాల్లో ఇసుక తక్కువ పోశారేమో అనుకున్నాడు. కూలీలని పిలిచి అడిగితే కాదన్నారు. ఓసారి దక్షిణం వైపు పాత చెరువేమైనా పూడ్చారేమో అనుకున్నాడు. ఊరి ముసలివాళ్లని అడిగితే నవ్వారు. అమ్మిరాజు నీడలో కుర్చీ వేయించుకుని కొబ్బరి బోండం తాగుతూ, "ఏం తేలింది ఇన్‌స్పెక్టరు గారూ?" అని పావుగంటకోసారి అడుగుతున్నాడు. ఆ గొంతు వింటుంటే రాజరత్నానికి ఒళ్లు మండిపోతోంది.

చివరికి కాళ్లు పీకి, పాక వెనక పేర్చిన ఇటుకల మీద కూలబడ్డాడు. కూర్చోగానే లేచాడు. ఇటుకలు కుదురుగా లేవు. ఒకటి తీసి చూశాడు. మామూలు ఇటుక కాదు. ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం, అంచు కాస్త వంపు.

"ఇవేంటి జీవరాజూ?"

"నూతి ఇటుకలండి. వర గుండ్రంగా తిరగాలి కదండీ, అచ్చు వేరే పోయించాను. నూతికి తప్ప ఇంకెందుకూ పనికిరావు."

"ఎన్ని పోయించావు?"

"ఇరవై రెండు వేలండి."

"ఎలా లెక్కేశావు?"

జీవరాజు బేడీల చేతులతోనే గాలిలో వర చుట్టాడు. "చుట్టుకి ముప్ఫై ఇటుకలండి. అడుగుకి నాలుగు వరసలు. అంటే అడుగుకి నూట ఇరవై. నుయ్యి ముప్ఫై అడుగులకి మూడువేల ఆరువందలు. ఆరు నూతులకి ఇరవై ఒకటివేల ఆరువందలు. విరిగేవి, పగిలేవి అని నాలుగొందలు ఎక్కువేశానండి."

"అంటే నాలుగొందల లోపు మిగలాలి." రాజరత్నం కుప్ప చుట్టూ తిరిగాడు. అది నాలుగొందల ఇటుకల కుప్పలా లేదు. "చిట్టియ్యా, లెక్కపెట్టు."

చిట్టియ్య లెక్కపెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఓసారి తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. రాజరత్నం వాణ్ణి తిట్టాడు, తర్వాత తనూ కూర్చుని లెక్కపెట్టాడు. ఇద్దరికీ ఒకటే వచ్చింది. రెండువేల నూట ఎనభై.

"విరిగినవి ఎన్ని?"

"ఇరవై దాకా ఉంటాయండి" అన్నాడు జీవరాజు.

రాజరత్నం ఇసుకలో వేలితో రాశాడు. ఉండాల్సినవి నాలుగొందలు, ఉన్నవి విరిగినవాటితో కలిపి రెండువేల రెండొందలు. పద్దెనిమిది వందల ఇటుకలు భూమిలోకి పోవాల్సినవి భూమి మీదే కూర్చుని ఉన్నాయి. అడుగుకి నూట ఇరవై చొప్పున పదిహేను అడుగులు. మూడు నూతులకి పంచితే ఐదేసి అడుగులు.

పొద్దుట్నుంచి మొదటిసారి ఒక అంకె తప్పింది.

"రాజుగారూ! దక్షిణపు నూతులు ముప్ఫై అడుగులు లేవు. ఇరవై ఐదే."

అమ్మిరాజు కుర్చీలోంచి లేచాడు. మొహంలో రంగు మారింది గాని వెంటనే సర్దుకున్నాడు. "చూశారా! నేనన్నది అదే. వర కట్టింది ఎవరు? వీడే. ఐదేసి అడుగులు ఎగ్గొట్టాడు. సున్నంలో కాకపోతే లోతులో చేశాడు మోసం."

"అబద్ధమండి!" జీవరాజు లేచి నిలబడ్డాడు. "నేను పైన కట్టేవాణ్ణి. ఎంత దిగిందో మునిగినవాడు చెప్పాలి. నూతులు దింపే ముఠావాళ్లు చాలంటే ఆపాను. నూతి దగ్గర మాట వాళ్లదండి, నాది ఇటుక. మిగిలినవి ఎన్నో నేను లెక్కపెట్టుకోలేదండి."

"ఎవరు మునిగారు?"

"ఉత్తరపు మూడింటికీ ముసలయ్యండి. తర్వాత ఆయనకి జ్వరమొచ్చి ఇంటికెళ్లిపోతే, దక్షిణపు మూడూ ఆయన అల్లుడు చిన్నబ్బాయి దింపాడండి."

చిన్నబ్బాయిని రేవు నుంచి తీసుకొచ్చేసరికి మూడుంబావు దాటింది. పేరుకి తగ్గట్టే ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ల మనిషి, చిట్టియ్య భుజం దాకా వస్తాడేమో. ఇన్‌స్పెక్టరుని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"భయపడకు. దక్షిణపు నూతులు ఎంత దింపావు?"

"ఐదు బారలండి."

"నిజం చెప్పు."

"మా అమ్మ మీద ఒట్టండి. ఐదు బారలే. రాజుగారు ఐదు బారలన్నారు, మావయ్య కూడా ఐదు బారలకి కాళ్లకి గట్టిగా తగులుద్దిరా అన్నాడు. ఐదు బారలకి తగిలిందండి. ఎగిరెగిరి తొక్కి చూశాను. బండలా ఉంది."

రాజరత్నం తల మళ్లీ తిరిగింది. ఇటుకలు ఇరవై ఐదు అడుగులంటున్నాయి. వీడు ఐదు బారలంటున్నాడు. రిజిస్టరు ఐదు బారలంటే ముప్ఫై అడుగులంటోంది. ఇటుకలు అబద్ధం చెప్పవు. ఈ మనిషి మొహం చూస్తే వీడూ చెప్పేలా లేడు.

"దేంతో కొలిచావు?"

"తాడుతోనండి. పాకలో ఉంది."

"పట్రా."

చిన్నబ్బాయి పాకలోకి వెళ్లి ఒక తాడు చుట్ట తెచ్చాడు. చివర రాయి కట్టి ఉంది, మధ్యమధ్యలో ముళ్లు. రాజరత్నం పాకలోకి తొంగిచూశాడు. దూలానికి ఇంకో తాడు వేలాడుతోంది.

"అదెవరిది?"

"మావయ్యదండి. అది ముట్టుకోకండయ్యా!" చిన్నబ్బాయి కంగారుపడ్డాడు. "ఎవడు మునిగితే వాడి తాడే నూతిలోకి దిగాలండి. వాడే పేనుకోవాలి, వాడి చేతులతోనే బార పట్టి ముడెయ్యాలి. ఇంకోడి తాడు పట్టుకుని మునిగితే పైకి రాడండి. మా ముఠాలో తాతల నాటి నుంచి అంతే."

"వాడి చేతులతోనే బార పట్టి..." రాజరత్నం ఆ మాట పైకే అన్నాడు. "చిన్నబ్బాయ్, చేతులు చాపు. రెండూ. పూర్తిగా."

చిన్నబ్బాయి చాపాడు. ఆ వేలి కొన నుంచి ఈ వేలి కొన దాకా. రాజరత్నం ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు.

"మీ మావయ్య ఎంత పొడుగు?"

"వాసానికి తల తగులుద్దండి. ఊళ్లో అంత పొడుగు ఎవరూ లేరు."

రాజరత్నం తనే దూలం మీంచి ముసలయ్య తాడు దింపాడు. చిన్నబ్బాయి కళ్లు మూసుకున్నాడు. రెండు తాళ్లూ నేల మీద పక్కపక్కనే పరిచారు. రాళ్లు ఒకచోట పెట్టి మొదలుపెడితే, మొదటి ముడికే జానెడు పైగా తేడా. ఐదో ముడికి వచ్చేసరికి చిన్నబ్బాయి తాడు ఆగిపోయింది, ముసలయ్య తాడు ఇంకా ముందుకి పోయింది. రాజరత్నం అడుగులో అడుగు వేసి కొలిచాడు. ఐదు.

చిన్నబ్బాయికి ఇంకా అర్థం కాలేదు. "ఐదు ముళ్లున్నాయి కదండీ" అన్నాడు.

"ఉన్నాయిరా అబ్బాయ్. నువ్వు అబద్ధం చెప్పలేదు. మీ మావయ్యా చెప్పలేదు." రాజరత్నం గొంతు మెత్తబడింది. "ఆయన ఐదు బారలు ముప్ఫై అడుగులు. నీ ఐదు బారలు ఇరవై ఐదు. మరి ఇరవై ఐదింటికే నీ కాళ్లకి గట్టిగా ఎలా తగిలింది?"

"అది పొరై ఉంటదండి" అన్నాడు జీవరాజు మెల్లిగా. "ఉత్తరపు నూతులు దింపేటప్పుడు ముసలయ్య తోడి పోసిన మట్టి చూశానండి. నాలుగో బార దాటగానే గవ్వలు కలిసిన గట్టిమన్ను వచ్చింది, మోచెయ్యంత మందం. దాని కింద మళ్లీ నల్లటి అడుసు. ఆ తర్వాతే ఇసుక."

అంతే, అన్నీ కుదిరిపోయాయి. దక్షిణపు నూతులు ఆ పెచ్చు మీద కూర్చున్నాయి. రెండువందల ఇసుక బస్తాలని పెచ్చు మోసింది. గోడ బరువు, కమాను బరువు, పైన ధాన్యం బరువు అన్నీ కలిసేసరికి పెచ్చు తూటు పడి, నుయ్యి అడుసులోకి దిగింది.

రాజరత్నం అమ్మిరాజు వైపు తిరిగాడు. "మీ టేపు ఇవ్వండి రాజుగారూ."

"ఎందుకు?"

"ఇవ్వండి."

రాజరత్నం తోలు డబ్బీ అందుకుని అందులోంచి గుడ్డ టేపు లాగాడు. మొదటి పదిహేను అడుగులు చెమటకి, మట్టికి నల్లబడి అంకెలు అలికిపోయాయి. తర్వాత అంతా పెళ్లికొడుకు పంచెలా తెల్లగా ఉంది. ముప్ఫై అడుగుల నూతిలోకి ఆ టేపు ఒక్కసారి కూడా దిగలేదు.

"ఒక్క నుయ్యి కూడా మీరు కొలవలేదు. వాళ్లు బారలు చెబితే కుర్చీలో కూర్చుని ఆరుతో హెచ్చవేశారు. గోడ దిగగానే తప్పు మీ మీదికి వస్తుందని అర్థమైంది. వాన వెలిశాక బూడిద మోసుకొచ్చి కుప్ప మీద పోశారు. కొలవకపోవడం బద్ధకం. బూడిద పోయడం మాత్రం బద్ధకం కాదు."

"నా పేరు పోతుందని..." అన్నాడు అమ్మిరాజు. "రెండేళ్లు మద్రాసులో చదివాను. తాడుకి పొట్టీ పొడుగూ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు."

"టేపు చెప్పేది. చిట్టియ్యా, జీవరాజు బేడీలు తీసి రాజుగారికి వెయ్యి."

చిట్టియ్య జీవితంలో ఇంత సంతోషంగా తాళం తీసి ఉండడు. జీవరాజు మణికట్లు రుద్దుకుంటూ అక్కడే నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు. "అయ్యా, గంట వినొచ్చండి" అన్నాడు.

రాజరత్నం గడియారం చూశాడు. నాలుగింటికి ఐదు నిమిషాలు. పొద్దుట్నుంచి పట్టిన మబ్బు విడిపోయినట్టే ఉంది గాని, ఒక మూల ఏదో ఇంకా గుచ్చుతోంది. ఏమిటది? ఎవరో ఏదో అన్నారు. పొద్దున్న కాదు, మధ్యాహ్నం. ఏదో తలుపు...

"చిన్నబ్బాయ్, ఈ తాడు ఇంకెక్కడైనా దింపావా?"

"ఇక్కడ పనయ్యాక ఒకచోటేనండి. కాలవ అవతల, గుడి గంటగోపురం కింద. నాలుగు నూతులండి. జీవరాజు మేస్త్రీగారే పిలిచారు. అక్కడా ఐదు బారలే. అక్కడ కూడా గట్టిగా తగిలింది..." మాట మధ్యలోనే వాడికే అర్థమై, జీవరాజు వైపు తిరిగాడు.

జీవరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. "గోపురం పోయిన నెలే పూర్తయిందండి. చిన్న బీట కనిపిస్తే సున్నం ఆరక అనుకున్నాను. పూడ్చాను. మళ్లీ వచ్చింది. మళ్లీ పూడ్చాను."

"తలుపు!" అన్నాడు రాజరత్నం. "తలుపు పట్టేస్తోందంది మీ ఆవిడ. వానకి చెక్క ఉబ్బిందన్నారట. వాన పడింది మంగళవారం. తలుపు పట్టేసింది ఆదివారం నుంచి." ఆయన జీవరాజు భుజం పట్టుకున్నాడు. "గంట ఎంత బరువు?"

"పాతిక మణుగులండి. పైన దూలానికి కప్పీ కట్టి నలభై మంది లాగుతున్నారు."

"అంటే గంట బరువూ గోపురం మీదే, వాళ్లు కిందకి లాగే బరువూ గోపురం మీదే."

"తలుపు దగ్గర జ్ఞానమ్మ ఉంటుందండి" అన్నాడు జీవరాజు. "గోపురం సరిగ్గా తలుపు మీదే ఉందండి."

అప్పటికే అందరూ రేవువైపు పరిగెడుతున్నారు. జీవరాజుని జైలుకి తీసుకెళ్లాల్సిన నాలుగు గంటల పడవ అక్కడే కట్టి ఉంది. రాజరత్నం దూరం నుంచే కేకలు పెట్టాడు, పడవ అవతలి ఒడ్డుకి తిప్పమని. పడవ నడిపే సరంగు ఏమీ అర్థంకాక, "ముద్దాయేడండీ? కాగితమేదండీ?" అంటున్నాడు.

అప్పుడు గంట మోగింది.

కొత్త కంచు, నీళ్ల మీదుగా వచ్చింది మోత. రేవులో అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. గంట ఎక్కింది, గోపురం నిలబడింది! రాజరత్నం ప్రాణం లేచి వచ్చింది.

"తండ్రి పేర" అన్నాడు జీవరాజు, తనకే వినబడేంత మెల్లిగా.

రెండోది మోగింది. అది మొదటిదానిలా లేదు. చివర్లో వంకరగా సాగింది, నాలుక ఒక పక్కకే తగులుతున్నట్టు.

"కుమారుని పేర."

అందరూ అవతలి ఒడ్డువైపు చూస్తూ నిలబడ్డారు. కొబ్బరి తలల మీదుగా గోపురం కనబడదు. చిట్టియ్య పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ఐదు. పది. పదిహేను. సరంగు పడవ తాడు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు.

మూడోది మోగలేదు.

జీవరాజు పడవ కోసం ఆగలేదు. కాలవలో దూకేశాడు.